టీ తాగాక షుగర్ పెరుగుతోందా? ఎక్కడ తేడా వస్తోందో ఇలా చూడండి

డయాబెటిస్ వచ్చిందనగానే చాలామంది ముందు భయపడేది టీ మానేయాలేమోనని. చాలామందికి ఆ అవసరం రాదు. కాకపోతే షుగర్‌ని పెంచుతున్నది ఏదో తెలియాలి. అందుకు టీకి ముందు ఒకసారి, తాగిన గంటకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. చేతులు కడిగి తుడుచుకున్నాకే సుమా! వేలికి చక్కెర అంటి ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

సమస్య: ఒక్క కప్పుకే రీడింగ్ బాగా ఎక్కుతోంది

నాకైతే ముందు అనుమానం టీ మీద కాదు, పక్కనున్న బిస్కెట్లు, రస్కుల మీద. వాటిలో మైదా, చక్కెర రెండూ ఉంటాయి. 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉన్నా మైదా ఎక్కడికీ పోదు. ఒకరోజు ఉత్త టీ, మర్నాడు అదే వేళకు బిస్కెట్లతో టీ తాగి రెండు రీడింగులూ పోల్చండి. తేడా అక్కడే ఉంటే బిస్కెట్ల బదులు నాలుగు బాదం పప్పులు తినండి.

సమస్య: చక్కెర తగ్గిస్తే టీ గొంతు దిగడం లేదు

చాలా ఇళ్లలో టీ పొడిని మరీ ఎక్కువసేపు మరిగిస్తారు. మరిగేకొద్దీ వగరు, చేదు దిగుతాయి. వాటిని కప్పిపెట్టడానికే రెండో చెంచా చక్కెర పడుతుంది. పొడి కాస్త తగ్గించి, రెండు మూడు నిమిషాల్లో దించి చూడండి, చక్కెర అవసరం దానంతటదే తగ్గుతుంది. యాలకులు వేస్తే ఆ వాసనకే తియ్యగా అనిపిస్తుంది. ఒక్కసారిగా మానకండి, వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. నాలుకకు అలవాటు పడే టైమ్ ఇవ్వాలి.

సమస్య: కప్పుకు రెండు చెంచాలే, అయినా షుగర్ అదుపులో లేదు

ఎన్ని కప్పులో లెక్కేయండి. చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు. నాలుగు కప్పులైతే 32 గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అదీ అన్ని తీపి పదార్థాలూ కలిపి. రెండు కప్పులు చాలనుకోండి, కప్పు కూడా చిన్నది చేయండి. బెల్లం, తేనె వేసినా లెక్క దాదాపు ఇదే.

సమస్య: చక్కెర అసలు వేయలేదు, అయినా పెరిగింది

పాలలోనూ చక్కెర ఉంది. 100 మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, వెన్న తీసినా అది తగ్గదు. పాలు తగ్గించి నీళ్లు పెంచండి. కొందరికి కెఫీన్ వల్ల కూడా పెరుగుతుంది. పొద్దున్నే అయితే, నిద్ర లేచే వేళకు శరీరం విడుదల చేసే హార్మోన్లే కారణం కావచ్చు.

ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయే అవకాశమున్న మాత్రలు గానీ వాడేవాళ్లు ఈ మార్పులు డాక్టర్‌కి చెప్పి చేయండి. వణుకు, చెమటలు వచ్చి రీడింగ్ 70 కంటే తగ్గితే టీ కాచుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి.