రసాయన పరిశ్రమల గొలుసు – 4వ పాఠం: క్లోరిన్ ఎటు పోయింది?

ఈసారి మందుల పరిశ్రమ మొదలుపెట్టాలి. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల లాంటి హైదరాబాద్ పారిశ్రామిక వాడలు పక్కనే ఉండగా ఆ పాఠాన్ని వాయిదా వేయడం నాకూ ఇష్టం లేదు. కానీ పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆగక తప్పలేదు.

ఇంట్లో ఉన్న ఒక వస్తువు ఏయే ఫ్యాక్టరీల మీదుగా వచ్చిందో వెనక్కి గొలుసు గీయమన్నాను. ఎక్కువమంది బట్టల సబ్బు తీసుకున్నారు. సబ్బు వెనక నూనె, కాస్టిక్ సోడా, కాస్టిక్ వెనక ఉప్పు. బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి ఉప్పులో ఉన్న క్లోరిన్ ఎటు పోయింది? దాదాపు ఎవరి కాగితంలోనూ లేదు.

ఉప్పునీటిలోకి కరెంటు పంపితే ఏమవుతుందో ఇంటర్‌లో చదివే ఉంటారు, దాని జోలికి పోను. లెక్క చూడండి. 117 గ్రాముల ఉప్పు, 36 గ్రాముల నీటి నుంచి 80 గ్రాముల కాస్టిక్, 71 గ్రాముల క్లోరిన్, 2 గ్రాముల హైడ్రోజన్ వస్తాయి. అంటే టన్ను కాస్టిక్‌ తయారైతే సుమారు 890 కిలోల క్లోరిన్, 25 కిలోల హైడ్రోజన్ వచ్చి తీరతాయి. ఈ నిష్పత్తిని ఏ ఇంజినీరూ మార్చలేడు. కాస్టిక్ ఒక్కటే కావాలి, క్లోరిన్ వద్దంటే కుదరదు.

ఇందులో ఏముంది అనుకోకండి. ఎంతోమంది తడబడేది ఇక్కడే, అందుకే సాగదీసి చెబుతున్నాను. కాస్టిక్‌ను ట్యాంకుల్లో నిలవ ఉంచొచ్చు, ఫ్లేక్స్‌గా చేసి బస్తాల్లో నింపి గోడౌన్‌లో పెట్టొచ్చు. క్లోరిన్ విషవాయువు. దాన్ని ద్రవంగా మార్చి టన్నర్లనే పెద్ద సిలిండర్లలో నింపుతారు, ఒక్కోదానిలో సుమారు 900 కిలోలు పడుతుంది. అలాంటివి ఎన్నని పేర్చుకుంటూ పోతారు? క్లోరిన్ కొనేవాళ్లు తగ్గితే కాస్టిక్ ఉత్పత్తి కూడా తగ్గించాల్సిందే. అప్పుడు సబ్బుల కంపెనీకి, కాగితం మిల్లుకి, బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేవాళ్లకి కాస్టిక్ ప్రియమవుతుంది.

ఆ క్లోరిన్ కొనేదెవరు? రాణిగంజ్‌లో పైపుల దుకాణాలు చూసే ఉంటారు. ఆ పైపులు చేసే ప్లాస్టిక్ పీవీసీ, దాని బరువులో సుమారు 57 శాతం క్లోరినే. ఇళ్ల నిర్మాణం మందగించి పైపుల గిరాకీ పడిపోతే ఆ దెబ్బ సబ్బు ముడిసరుకు దాకా వస్తుంది. మంజీరా, కృష్ణా నీళ్లను శుద్ధి చేసి నగరానికి పంపేటప్పుడు కలిపేదీ క్లోరినే. వానాకాలంలో మోరీల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ కూడా దాన్నుంచే వస్తుంది. హైడ్రోజన్‌తో కలిపితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే చాలా ఇళ్లల్లో బాత్రూమ్ కడిగే యాసిడ్.

ఎడమవైపు రసాయనం పేరు, కుడివైపు ‘ఉపయోగాలు’ రాసే పట్టిక నాకు గిట్టదు. ‘కాస్టిక్ సోడా: సబ్బులు’ అని బట్టీ పట్టినవాళ్లకి క్లోరిన్ గుర్తుకు రాకపోవడానికి కారణం ఆ పట్టికే. నేను చేసేది ఇది: సమీకరణానికి కుడివైపున ఉన్న ప్రతి పదార్థానికీ ఒక బాణం గీస్తాను, బాణం చివర కొనేవాళ్ల పేరు రాస్తాను. ఎవరూ కొనని పదార్థం ఉంటే దాన్ని శుద్ధి చేయడమో, ఎక్కడో నిలవ పెట్టడమో ఆ ఫ్యాక్టరీ నెత్తిమీదే పడుతుంది. ఫాస్ఫేట్ ఎరువుల ఫ్యాక్టరీల పక్కన గుట్టలుగా కనిపించే ఫాస్ఫోజిప్సం అలాంటిదే. కొంత సిమెంటు కంపెనీలు తీసుకెళ్తాయి, మిగతాది అక్కడే ఉంటుంది.

సబ్బు దగ్గర కూడా ఒక బాణం తప్పిపోయింది. నూనె, కాస్టిక్ కలిస్తే సబ్బుతోపాటు గ్లిజరిన్ వస్తుంది. అది దగ్గు సిరప్‌లకి, క్రీములకి పోతుంది. ఫినాల్ తయారీలో ఎసిటోన్ వస్తుంది. ఫినాల్ ప్లైవుడ్ జిగురుకి, ఎసిటోన్ మందుల ఫ్యాక్టరీలకి.

ఇక మందుల్లోకి కాస్త తొంగిచూద్దాం. పారాసెటమాల్ మాత్ర కొట్టేది ఫార్ములేషన్ యూనిట్. ఆ మాత్రలోకి పోయే తెల్లపొడిని డ్రమ్ముల్లో పంపేది బల్క్ డ్రగ్ యూనిట్. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కాలం నుంచి హైదరాబాద్‌కి పేరు తెచ్చింది ఈ రెండో రకమే. దాని వెనక ఇంటర్మీడియెట్లు, అంటే మందుకి ముందు దశ పదార్థాలు, తయారుచేసేవాళ్లు ఉంటారు. 109 కిలోల పారా అమైనోఫినాల్, 102 కిలోల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిస్తే 151 కిలోల పారాసెటమాల్ వస్తుంది. మిగిలిన 60 కిలోలు ఎసిటిక్ ఆమ్లం. అంటే టన్ను పారాసెటమాల్‌కి సుమారు 400 కిలోలు. ఆ ఆమ్లాన్ని ఇథైల్ ఆల్కహాల్‌తో కలిపితే ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావణి తయారవుతుంది, అది మళ్లీ మందుల ఫ్యాక్టరీలకే చేరుతుంది. ఇంటర్మీడియెట్ల సంగతి వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం.

అభ్యాసం. పటాన్‌చెరు, పాశమైలారం వైపు బస్సులో వెళ్లేటప్పుడు రసాయనాల ట్యాంకర్ల మీద హెచ్చరిక పలక చూడండి. బండి నడుపుతూ మాత్రం చూడొద్దు. పలక మీద నాలుగంకెల యూఎన్ నంబరు ఉంటుంది: 1824 అయితే కాస్టిక్ ద్రావణం, 1789 హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1830 గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1017 క్లోరిన్. ఏవైనా రెండు నంబర్లు తీసుకుని సమీకరణం, బరువుల లెక్క, ప్రతి బాణం చివరా వేర్వేరు పరిశ్రమలకు చెందిన ముగ్గురు కొనుగోలుదారులను రాయండి. 1830 తగిలినవాళ్లకి గంధకం నుంచి ఆమ్లం దాకా ఎంత వెతికినా రెండో సరుకు కనిపించదు. అక్కడ ఆమ్లంతోపాటు బయటికి వచ్చేది వేడి. ఆ వేడితో పుట్టే ఆవిరి ఫ్యాక్టరీలో ఎక్కడెక్కడ ఉపయోగపడుతుందో రాసి పంపండి.