ఆప్షన్లు మూసేశాక దారిలో పడింది

మా అమ్మాయి పేరా గడగడా చదివేది, దాని కింద నాలుగేసి ఆప్షన్లతో ఇచ్చే ఐదు ప్రశ్నల్లో మూడు తప్పు పెట్టేది. పక్కన కూర్చుంటే సంగతి తెలిసింది. పేరాలోని మాట ఏ ఆప్షన్‌లో కనిపిస్తే దానికే టిక్కు! "కుర్రాడు ఎందుకు ఆలస్యంగా వచ్చాడు?" అంటే "వర్షం వల్ల" అని పెట్టింది. తీరా చూస్తే వర్షం మొదలైంది వాడు ఇంటికి చేరాకే.

నాలుగు ఆప్షన్లనూ కాగితంతో మూసేశాను. జవాబు ముందు తన మాటల్లో చెప్పాలి, ఏ వాక్యం చూసి చెప్పిందో దాని కింద పెన్సిల్‌తో గీత గీయాలి. ఆ తర్వాతే కాగితం తీసేది. రెండు రోజులు విసుక్కుంది, నేనూ కసురుకున్నాను. 'సరికానిది ఏది' అన్న ప్రశ్నలకు మాత్రం ఇది కుదరదు. అక్కడ ఒక్కో ఆప్షన్‌నూ పేరాతో సరిచూసి కొట్టేయాల్సిందే. ఇప్పుడు "ఎప్పుడూ", "అందరూ" అంటూ పేరా చెప్పినదానికంటే ఎక్కువ చెప్పేలా ఉన్న ఆప్షన్ కనబడితే తనే అనుమానంగా మళ్లీ పేరాలోకి వెళ్తోంది.