సిరిమానోత్సవానికి చుట్టాలు దిగకముందే: పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న పెద్దల పడక విషయంలో జాగ్రత్తలు

దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కనుక, ముందు రోజైన తొలేళ్ల నాటికే విజయనగరంలో ఇళ్లు చుట్టాలతో నిండి పడకలు తారుమారవుతాయి. కలలు వచ్చే దశలో కదలకుండా ఉండవలసిన కండరాలు పార్కిన్సన్స్ ఉన్న కొందరిలో అదుపు తప్పడం వల్ల, వారు కలకు తగ్గట్టే అరుస్తారు, తన్నుతారు, మంచం మీద నుంచి దూకుతారు.

• చోటు చాలదని వారి పడకను మేడ మీదకు మార్చవద్దు. కలలో తరుముతున్న ఎద్దును తప్పించుకునే మనిషికి పిట్టగోడ కనబడదు. కింది గదిలో, ఎత్తు తక్కువ మంచం వేసి, పక్కన నేల మీద బొంత పరచాలి. చేతికి అందే చోట టేబుల్ ఫ్యాను, మంచినీళ్ల చెంబు, గాజు సామాను ఉంచవద్దు.

• పార్కిన్సన్స్ మాత్రల వేళ పండగ హడావుడిలో తప్పకూడదు. ఆ మాత్రల్లో ముఖ్యమైన మందు లెవోడోపా హఠాత్తుగా ఆగిపోతే శరీరం బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదకు రావచ్చు.

• మనవలను పక్కన పడుకోబెట్టవద్దు. నిద్రలో తాము కొట్టిన దెబ్బ ఎవరికి తగిలిందో ఆ పెద్దలకే తెలియదు.

• అరుస్తుంటే పట్టుకొని కుదపకుండా, కాస్త దూరం నుంచి పిలవాలి.

• నిద్రమాత్రలు సొంతంగా కొనవద్దు. ఈ నిద్ర సమస్యకు వైద్యులు రాసే క్లోనజెపామ్ మాత్ర సైతం రాత్రి లేచినప్పుడు తూలిపడేలా చేయగలదు.

• గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు ఇప్పటికీ ఉన్నారు. దానికి బదులు ఒక రాత్రి ఫోనులో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపడం మేలు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఈ లక్షణాలు ముదరవచ్చు కనుక పాత మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లాలి.