ఫోన్ మార్చేద్దాం అనుకునే ముందు: మిడ్‌రేంజ్ ఫోన్ సమస్యలు, అసలు కారణాలు, పరిష్కారాలు

పదిహేను ఇరవై వేలు పెట్టి కొన్న ఫోన్‌కి రెండేళ్లు నిండేసరికి ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: "ఇదింక పనికిరాదు, కొత్తది తీసుకుందాం." అమ్మ ఫోన్, నాన్న ఫోన్, నా ఫోన్ మూడూ ఆ ధరలోవే. ఏ సమస్య వచ్చినా చూసేది నేనే. మార్చేద్దాం అన్న ప్రతిసారీ కాస్త ఓపిగ్గా వెతికితే కారణం దొరికింది. ఇరవై వేలు చిన్న మొత్తం కాదు, అందుకే నేను వెతికే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్ స్లో అయింది, ఊరికే హ్యాంగ్ అవుతోంది

అందరూ ముందు ర్యామ్‌ని (యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీని) అనుమానిస్తారు. నేను ముందు స్టోరేజ్ చూస్తాను. ఫోన్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందు ఆ భాగాన్ని చెరపాలి, ఆ తర్వాతే రాయాలి. ఖాళీ ఉన్నంతసేపూ ఆ పని వెనకాల జరిగిపోతుంది, మనకు తెలియదు. మెమరీ నిండిపోయాక మాత్రం ఫొటో తీసినా, మెసేజ్ వచ్చినా ముందు చోటు ఖాళీ అయ్యేదాకా ఫోన్ ఆగాలి. మనకు అదే హ్యాంగ్‌లా కనిపిస్తుంది. 128 జీబీ ఫోన్ అయితే కనీసం 15 నుంచి 20 జీబీ ఖాళీగా ఉంచండి.

మా అమ్మ ఫోన్‌లో చోటంతా తినేసింది వాట్సాప్. గుడ్ మార్నింగ్ ఫొటోలు, పండగ శుభాకాంక్షలు, పెళ్లి వీడియోలు, ప్రవచనాలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే 5 ఎంబీ దాటిన ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా కనిపిస్తాయి. అక్కడి నుంచే తీసేయండి. పెద్దవాళ్ల ఫోన్ అయితే పక్కన కూర్చుని, చూపించి, అడిగి తీయండి. మనకు చెత్తగా కనిపించే వీడియోలో పోయిన మనిషి గొంతు ఉండొచ్చు. ఆ తర్వాత అదే స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. గ్యాలరీలో డిలీట్ చేసినవి కూడా చాలా ఫోన్లలో 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అదీ ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది.

"స్టోరేజ్ ఫుల్" అని వచ్చే మెసేజ్‌లు రెండు రకాలు. ఒకటి ఫోన్ మెమరీ గురించి, రెండోది గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ గురించి. జీమెయిల్, గూగుల్ ఫొటోలు, 2024 నుంచి వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోనే సర్దుకోవాలి. అది నిండితే మెయిల్స్ రావడమే ఆగిపోతుంది. ఉద్యోగానికి అప్లై చేసుకున్న పిల్లలు ఉన్న ఇంట్లో దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

క్లీనర్ యాప్‌లు, ర్యామ్ బూస్టర్లు వేయకండి. అవే వెనకాల నడుస్తూ ప్రకటనలు చూపిస్తాయి. యాప్‌లన్నిటినీ మాటిమాటికీ పైకి తోసి మూసేయడం వల్లా లాభం లేదు, వాటిని మళ్లీ మొదటి నుంచి తెరవడానికి ఇంకా ఎక్కువ బ్యాటరీ పోతుంది. "ర్యామ్ ఎక్స్‌టెన్షన్" అని ఉండేది స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడే ఏర్పాటు. స్టోరేజ్ ఇరుగ్గా ఉన్న ఫోన్‌లో దాన్ని ఆపేస్తేనే మేలు. ఇన్ని చేసినా తేడా లేకపోతే సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. అందులో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అక్కడ ఫోన్ చురుగ్గా ఉందంటే తప్పు ఏదో ఒక యాప్‌ది. ఈమధ్య వేసినవి ఒక్కొక్కటే తీసేస్తూ రండి.

పొద్దున వంద, మధ్యాహ్నానికి ఇరవై

బ్యాటరీ పోయిందని తేల్చే ముందు ఒక రాత్రి పరీక్ష చేయండి. పడుకునేముందు ఎంత శాతం ఉందో చూసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. తెల్లారి ఒకటి రెండు శాతమే తగ్గితే బ్యాటరీ నిలబడుతున్నట్టే. ఛార్జింగ్ తినేది నెట్‌వర్క్, లేదా ఏదో యాప్. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా బాగా పడిపోతే బ్యాటరీనే అనుమానించాలి.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది నెట్‌వర్క్ సమస్యే. సిగ్నల్ బలహీనంగా ఉంటే టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తి వాడుతుంది. 5జీ అంచున ఉన్న ఇంట్లో 5జీకి, 4జీకి మధ్య మారుతూ ఉంటుంది. ఇంట్లో 5జీ ఒక గీత మించి రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 4జీ పెట్టి రెండు రోజులు చూడండి. వాడని రెండో సిమ్ ఉంటే ఆపేయండి.

20 శాతం చూపిస్తూనే ఫోన్ టప్పున ఆఫ్ అవుతుందా? అది బ్యాటరీ అరిగిన గుర్తు. పాత బ్యాటరీలో అంతర్గత నిరోధం, అంటే కరెంట్‌ని లోపలే అడ్డుకునే గుణం, పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడు ఒక్కసారిగా కరెంట్ కావాల్సి వస్తే వోల్టేజ్ పడిపోయి ఫోన్ ఆగిపోతుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం 800 సార్లు పూర్తిగా ఛార్జ్ చేశాక కూడా ఫోన్ బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలి. రోజుకో ఫుల్ ఛార్జ్ లెక్కన 800 సార్లంటే రెండేళ్ల పైచిలుకే. అందుకే మూడో ఏట బ్యాటరీ మార్చాల్సి రావడం సహజం. సర్వీస్ సెంటర్‌లో ముందు ఖర్చెంతో అడగండి, అది కొత్త ఫోన్ ధరలో చిన్న భాగమే ఉంటుంది. వెనక ప్యానెల్ లేచినా, డిస్‌ప్లే ఒక పక్క ఉబ్బినా ఒక్కరోజు కూడా వాడకండి. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి.

బ్యాటరీని అన్నిటికంటే త్వరగా చంపేది వేడి. చాలా కంపెనీలు ఫోన్ వాడకానికి చెప్పే వాతావరణ పరిమితి 35 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 45 దాటుతుంది. ఆ ఎండలో బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించి, మ్యాప్ నడుపుతూ, ఛార్జింగ్ కూడా పెట్టి తిరిగే డెలివరీ కుర్రాళ్లను చూస్తే బాధేస్తుంది, వాళ్ల బతుకుదెరువే ఆ ఫోన్. వేడెక్కినప్పుడు ఛార్జింగ్ ఆగినా, వెలుతురు తగ్గినా అది ఫోన్ తనను తాను కాపాడుకోవడమే. పౌచ్ తీసి, నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ చేరుతుంది. రాత్రి దిండు కింద ఛార్జింగ్ కూడా వద్దు.

ఛార్జింగ్ ఎక్కట్లేదు

నాన్న ఫోన్‌కి వైరు కదిపితేనే ఛార్జింగ్ ఎక్కేది. ఒక రిపేర్ షాపులో ఛార్జింగ్ పోర్ట్ మార్చాలన్నారు. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే పోర్ట్ అడుగున చొక్కా జేబులోని నూలు గట్టిగా కూరుకుపోయి ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగాను. ఆ తర్వాత పిన్ను టక్కున కూర్చుంది. సూది, పిన్నీసు లాంటివి వాడకండి, లోపలి కాంటాక్టులు పాడవుతాయి.

పోర్ట్ శుభ్రంగానే ఉన్నా నెమ్మదిగా ఎక్కితే వైరు మార్చి చూడండి, తర్వాతే అడాప్టర్. చాలా మిడ్‌రేంజ్ ఫోన్లలో ఫాస్ట్ ఛార్జింగ్ ఆ కంపెనీ సొంత పద్ధతి. పెట్టెలో వచ్చిన వైరూ అడాప్టరూ రెండూ ఉంటేనే పూర్తి వేగం వస్తుంది. ఆఫీసులో పక్కవాళ్ల ఛార్జర్‌తో నెమ్మదిగా ఎక్కితే ఫోన్‌ని తప్పుపట్టకండి.

యూపీఐ యాప్ రిజిస్టర్ అవ్వట్లేదు

కొత్తగా లాగిన్ అయ్యేటప్పుడు యాప్ మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపి, నంబర్ మనదేనని నిర్ధారించుకుంటుంది. రీఛార్జ్ అయిపోయిన సిమ్ నుంచి అది వెళ్లదు. రెండు సిమ్‌లు ఉంటే బ్యాంకులో ఇచ్చిన నంబర్‌నే ఎంచుకోవాలి. వీపీఎన్ (మన ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఉంటే ఆపేయండి. డబ్బు కట్టాక "పెండింగ్" అని వస్తే వెంటనే మళ్లీ కట్టకండి, ముందు బ్యాంక్ బ్యాలెన్స్ చూడండి. సాయం చేస్తామని ఫోన్‌లో ఎవరైనా స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమంటే కాల్ కట్ చేసేయండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మెసేజ్‌లు యాప్ తెరిస్తేనే వస్తున్నాయి

బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ని వెనకాల ఆపేస్తోంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయండి. వాట్సాప్‌కి, బ్యాంక్ యాప్‌కి చాలు. అన్నిటికీ ఇస్తే ఛార్జింగ్ సమస్య తిరిగొస్తుంది.

మన మాట అవతలివాళ్లకు వినిపించట్లేదు, వేలిముద్ర పడట్లేదు

వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి వినండి. అందులో బాగానే ఉంటే తప్పు చాలావరకు నెట్‌వర్క్‌ది. అక్కడా గొంతు మూసుకుపోయినట్టుంటే పౌచ్ తీసి మళ్లీ రికార్డ్ చేయండి. చాలా ఫోన్లకు పైన రెండో మైక్ ఉంటుంది, సరిపడని పౌచ్ దాన్ని కప్పేస్తుంది.

అమ్మ వేలిముద్ర ఫోన్ గుర్తించేది కాదు. అంట్లు తోమి, పిండి కలిపి అరిగిన వేళ్లు అవి. అదే బొటనవేలిని రెండుసార్లు, ఒకసారి పొడిగా ఉన్నప్పుడు, ఒకసారి పని అయ్యాక చేయి తుడుచుకుని నమోదు చేశాను. అప్పటి నుంచి చాలావరకు పడుతోంది. డిస్‌ప్లే కింద సెన్సర్ ఉన్న ఫోన్‌కి మందం టెంపర్డ్ గ్లాస్ వేసినా ఇదే ఇబ్బంది, గ్లాస్ మార్చాక వేలిముద్ర మళ్లీ నమోదు చేయాలి.

నీళ్లలో పడింది

ఆఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, పోర్ట్ కిందికి ఉండేలా ఫ్యాన్ గాలిలో పెట్టండి. బియ్యం డబ్బాలో వద్దు, నూక, పిండి లోపలికి వెళ్తాయి. ఆరిందని నమ్మకం కుదిరేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు.

నిజంగా మార్చాల్సింది ఎప్పుడు

సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది దాటిపోయి, కంపెనీ ఇక అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసి ఉంటే, బ్యాంక్ పనులు చేసే ఫోన్‌గా దాన్ని పక్కన పెట్టాల్సిందే, ఎంత చురుగ్గా నడుస్తున్నా. రిపేర్‌కి ఇచ్చేటప్పుడైనా, మార్చేటప్పుడైనా బ్యాకప్ తీసి, సిమ్ మీ దగ్గరే ఉంచుకోండి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్‌ని ఫోన్‌లో కాకుండా బిల్లు వెనక రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించడానికి ఆ నంబరే కావాలి.