పాత అంబాసిడర్‌కీ పద్మినికీ లైట్లు సరిగా వెలగకపోతే

పాత కారున్నవాళ్లకు లైట్ల టెన్షన్ పట్టుకునేది పెళ్లిళ్ల సీజన్‌లోనే. ఏడాదంతా కవరు కప్పి షెడ్డులో ఉంచిన అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో పెళ్లికొడుకు ఊరేగింపుకని బయటికి తీస్తారు. పగలు బాగానే తిరుగుతుంది. రాత్రి తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు వైపు వెళ్లాల్సి వచ్చినప్పుడు గానీ ముందర వెలిగేది గుడ్డిదీపమని తెలీదు. మర్నాడు చిత్తూరులో మా ఇంటి ముందర బండి ఆపి, "బల్బులు కొత్తవి ఏసినా అట్లే ఉండాదన్నా" అంటారు.

నేను బస్సు డిపోలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాణ్ణి. వచ్చినవాళ్లందరికీ చెప్పేది ఒకటే. బల్బు కొనేముందు ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి, చూడండి. ఎర్త్ బాగుంటే, బ్యాటరీ నుంచి బల్బు దాకా వోల్టేజ్ ఎక్కడ తగ్గిపోతోందో కొలవండి. కొలవకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే పాత బండ్ల సామాన్లు దొరికే చెన్నై పుదుపేటకు తిరిగిన చార్జీలే తడిసి మోపెడవుతాయి.

పనికి ఒక మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు కావాలి. టెస్ట్ ల్యాంపు కొనొద్దు, చేసుకోండి. 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, దాని హోల్డరు, మూడు మూరల వైర్లు రెండు, కొసలకు క్రొకడైల్ క్లిప్పులు. అంతే. బల్బు మీద రాసింది చూసి తీసుకోండి, లారీ సామాన్ల షాపులో అయితే 24 వోల్టులది చేతిలో పెడతారు. అది కారులో ఎప్పుడూ మందంగానే వెలిగి మిమ్మల్ని తికమక పెడుతుంది.

మీటరు ఉండగా ఈ బల్బు ఎందుకంటే, చిలుము పట్టి మూడు నాలుగు ఓంల రెసిస్టెన్స్ చేరిన జాయింటు దగ్గర కూడా, లైటు విప్పి మీటరు పెడితే నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కదా. 21 వాట్ల బల్బు ఇంచుమించు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింటు దాటాక దాన్ని తగిలిస్తే ఎర్రగా మసకగా వెలుగుతుంది, గుట్టు బయటపడుతుంది. మీటరుతో చూడాలనుకుంటే లైటు వెలుగుతున్నప్పుడే చూడండి. విప్పిన వైరు కొసన చూసిన రీడింగుకు నేను అసలు విలువివ్వను.

మొదట బ్యాటరీ. బండి ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు. 12.2 కంటే కిందుంటే చార్జింగు పెట్టి తర్వాత మిగతా పని మొదలుపెట్టండి. ఏ టెర్మినల్ బాడీకి పోయిందో కూడా ఒకసారి చూడండి. ల్యాండ్‌మాస్టర్, తొలినాటి అంబాసిడర్ లాంటి బండ్లలో పాజిటివ్ ఎర్త్ కనిపిస్తుంది. మామూలు బల్బుకు ఎటైనా ఒకటే గానీ, ఎల్‌ఈడీలు, రేడియో, డయోడ్ ఉన్న రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) తట్టుకోవు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ బండిలో 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. డైనమో బండి అయితే ఐడ్లింగులో లైట్లు కాస్త తగ్గడం, ఎర్ర వార్నింగు లైటు మిణుకుమిణుకుమనడం దాని స్వభావం, దాన్ని రిపేరు చేయబోకండి. రేస్ ఇస్తే లైట్లు మరీ తెల్లగా మండుతూ తరచూ బల్బులు పోతుంటే మాత్రం చార్జింగు వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ చూడండి. 15 వోల్టులు దాటుతుంటే దోషం దానిదే.

ఇక ఎర్త్. పాత కార్లలో లైట్లు చేసే వింతలన్నీ ఇక్కడివే. కుడి ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగు లైటు దానితో పాటు కొట్టుకుంటుంది. బ్రేకు తొక్కితే ముందర సైడు లైట్లు మందంగా వెలుగుతాయి. వైరింగంతా కలిసిపోయిందని భయపడి మొత్తం వైరింగ్ పీకించేవాళ్లున్నారు. అంత అక్కర్లేదు. వెనక ఉండే 21/5 వాట్ల బల్బు చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు, కింద రెండు సీసపు బొట్లు, ఇత్తడి ఒళ్లు మాత్రం రెండింటికీ ఉమ్మడి. ఆ ఒళ్లే ఎర్త్. హోల్డరుకు ఎర్త్ పట్టకపోతే, బ్రేకు ఫిలమెంటులోంచి వచ్చిన కరెంటు ఇంకో దారి లేక 5 వాట్ల ఫిలమెంటులోకి ఎక్కి, పార్కింగు వైరు పట్టుకుని ముందుదాకా పోయి, అక్కడి బల్బుల గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. రెండు దీపాలు సిరీస్‌లో పడ్డాయి కాబట్టి రెండూ మసకే. బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి ఒక వైరు లాగి ఆ హోల్డరు ఒంటికి తాకించండి. వింత టక్కున ఆగిపోతే రోగం దొరికినట్టే.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు నీళ్లలో నిలబడిన బండ్లలో ఇదే ఎక్కువ. పైకి ఏమీ కనిపించదు. స్క్రూ విప్పితే కింద లగ్గు (వైరు కొసనుండే రింగు) పచ్చగా, బాడీ రేకు ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. లగ్గును, రేకును ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. పెయింటు మీద లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే ఎర్త్ ఆ స్క్రూ మరల మీదే ఆధారపడుతుంది, అది ఏడాది కూడా నిలవదు. పళ్ల వాషరు వేసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బిగించక ముందు పూసేవాళ్లున్నారు, నాకది నచ్చదు. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే అల్లిక పట్టీలను కూడా ఇట్లాగే శుభ్రం చేయండి.

హెడ్‌లైట్లు గుడ్డిగా ఉంటే అసలు పని వోల్టేజ్ డ్రాప్ కొలవడం. 60/55 వాట్ల బల్బులు రెండు హై బీమ్‌లో దగ్గర దగ్గర 10 ఆంపియర్లు లాగుతాయి. వోల్టేజ్ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, ఇంచుమించు మూడో వంతు పోతుంది. అందుకే ఒక్క వోల్టు కూడా చిన్న విషయం కాదు. ఇక్కణ్ణుంచి నెగటివ్ ఎర్త్ బండి అనుకుని చెబుతున్నా. లైట్లు వేసి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండో కొస హెడ్‌లైటు ఎర్త్ పిన్నుకు పెట్టండి. 0.2 లోపుంటే శుభం. అర వోల్టు దాటితే పైన చెప్పినట్టు ఎర్త్ బాగుచేయండి. తర్వాత ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కు మార్చి, రెండోది బల్బు లైవ్ పిన్నుకు. ఎక్కువ డ్రాప్ చూపిస్తే వెనక్కు నడవండి: కనెక్టరు, డిప్పర్ స్విచ్ (హై, లో మార్చేది), లైటు స్విచ్, ఫ్యూజు, అమ్మీటరు.

ఈ మధ్య చూసిన అంబాసిడర్‌లో డిప్పర్ ముందు పిన్ను దగ్గర డ్రాప్ 0.5, దాటాక 1.4. అంటే ఒక్క స్విచ్చే 0.9 వోల్టులు మింగుతోంది. ఈ బండ్లలో డిప్పర్ క్లచ్ పక్కన నేల మీద, ఎడమ కాలితో తొక్కేది. వానలో తడిసిన చెప్పుల నీళ్లు మ్యాటు కిందికి ఇంకి నేరుగా దాని మీదే చేరతాయి. విప్పి చూస్తే ఇత్తడి పలకలు నల్లగా, నడుమ రివెట్టు వదులుగా ఉంది. కడిగి వాడొచ్చు గానీ, రివెట్టు వదులైతే మార్చేయడమే మేలు. చేతిని దాని మీద పెడితే వెచ్చగా తగులుతుంది, ఆ పోయిన వోల్టులు అక్కడ వేడిగా మారుతున్నాయి.

డ్రాప్ అన్ని చోట్లా కొంచెం కొంచెం ఉంటే రిలేలు వేయండి. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే మీద 30 అని రాసున్న పిన్నుకు. 87 నుంచి బల్బుకు. పాత హెడ్‌లైటు వైరు 86కు, 85 ఎర్త్‌కు. అప్పుడు పాత స్విచ్ మీద రిలే కాయిల్ బరువే పడుతుంది. 100/90 వాట్ల బల్బులు వేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. పాత వైరింగులో అవి వెలుగు కన్నా వేడి ఎక్కువ ఇస్తాయి, హోల్డర్లు కరుగుతాయి.

పద్మినిలో ఇంకో తిరకాసుంది. దాని ఫ్యూజులు గాజువి కావు, రెండు కొసలూ మొనదేలిన పింగాణీ ముక్కలు, ఒక పక్కన బయటికే కనిపించే సన్నటి రేకు. 8 ఆంపియర్లవి తెల్లగా ఉంటాయి. రేకు తెగకపోయినా లైటు వెలగకపోతే, లైటు స్విచ్ వేసి ఫ్యూజును వేలితో కాస్త తిప్పండి. వెలిగిందంటే క్లిప్పుల పట్టు తగ్గి, కొసల మీద తుప్పు పొర కట్టినట్టు. బ్యాటరీ ఎర్త్ విప్పి, క్లిప్పులు రుద్ది, లోపలికి కొంచెం వంచి, కొత్త ఫ్యూజు వేయండి. సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టే పని మాత్రం పెట్టుకోవద్దు. షార్టయితే వైరు కాలుతుంది, కింద పెట్రోలు గొట్టాలుంటాయి.

ఫ్యూజు పదే పదే పోతుంటే, కొత్తవి తగలేయడం మానేసి ఆ స్థానంలో మీ 21 వాట్ల టెస్ట్ ల్యాంపు తగిలించండి. ఆ లైన్ల బల్బులన్నీ తీసేసి స్విచ్ వేయండి. షార్టు ఉంటే ల్యాంపు నిండుగా వెలుగుతుంది, వైరు కాలదు. ఇప్పుడు వైరింగును అక్కడక్కడా కదపండి, కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పండి. ల్యాంపు ఆరిపోయిన చోట షార్టు ఉంది. ఇంజన్ గదిలోంచి డ్యాష్ లోపలికి వైర్లు దూరే రబ్బరు కన్నం, డిక్కీ మూత కీలు, ఈ రెండూ ముందు చూడండి. షెడ్డులో వేరుశనగ మూటలు పక్కన పెట్టేవాళ్లు ఎలుకల పని కూడా చూసుకోవాలి.

వైరు రంగులు తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. లూకాస్ (బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ) పద్ధతి వైరింగున్న అంబాసిడర్‌లో గోధుమ రంగు నేరుగా బ్యాటరీ లైవ్, నీలం హెడ్‌లైటుది (నీలం మీద తెలుపు చార హై, ఎరుపు చార లో), ఎరుపు సైడు లైట్లు, ఆకుపచ్చ మీద ఎరుపు చార ఎడమ ఇండికేటర్, తెలుపు చార కుడి ఇండికేటర్, నలుపు ఎర్త్. చాలా పాతవాటిలో హెడ్‌లైటుకు ఫ్యూజే ఉండదు, కాబట్టి ఆ నీలం వైర్లతో జాగ్రత్త. మధ్యలో ఎవరైనా అందిన రంగు కలిపి ఉంటే మాత్రం టెస్ట్ ల్యాంపే గతి.

ఇండికేటర్ ఒక పక్క వేగంగా కొట్టుకున్నా, వెలిగి అలాగే నిలిచిపోయినా ముందు ఆ పక్క బల్బులు, ఎర్త్ చూడండి. ఇండికేటర్‌ను కొట్టుకునేలా చేసే పాత ఫ్లాషరు రెండు 21 వాట్ల బల్బుల బరువును బట్టి పనిచేస్తుంది. అందులో ఎల్‌ఈడీ పెడితే ఆ లెక్క తప్పుతుంది, ఫ్లాషరు కూడా మార్చాల్సిందే. బ్రేకు లైట్లు రెండూ వెలగకపోతే బ్రేకు స్విచ్ వైర్లు రెండూ ఒక నిమిషం కలిపి చూడండి. వెలిగితే స్విచ్ పోయింది.

అన్నీ అయ్యాక హెడ్‌లైట్లు సరిచేయకపోతే ఎదుటివాళ్లు తిట్టుకుంటారు. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి, ల్యాంపు నడిమధ్య ఎత్తును గోడ మీద సుద్దతో గీయండి. లో బీమ్ పైఅంచు ఆ గీతకు రెండు మూడు అంగుళాలు కిందుండాలి. వెనక సీట్లో పెళ్లివారు కూర్చుంటే బండి ముందు పైకి లేస్తుంది, ఊరేగింపు బండి అయితే ఇంకో అంగుళం దించండి. ఆయుధపూజకు హెడ్‌లైటు అద్దం మీద పెట్టిన పసుపు, గంధం బొట్లు అప్పుడే తుడిచేయండి, ఎండిపోతే గోకాల్సి వస్తుంది.