కొత్త ఫైల్ అడిగితే పాత ఫైల్ ఎందుకు వస్తోంది?

సమస్య: ఫోల్డర్‌లో చివరగా మార్చిన ఫైల్‌ను తెమ్మంటే పైథాన్ ప్రోగ్రామ్ పాతదాన్ని తెస్తుంది. ఎక్కడా ఆగదు, దోషమేదీ చూపదు. లెక్క మాత్రం తప్పుతుంది.

కోడ్ మార్చే ముందు, ప్రోగ్రామ్ చూస్తున్న ప్రతి ఫైల్ పూర్తి దారినీ (పాత్), మార్పు సమయాన్నీ ప్రింట్ చేయండి. నా దగ్గరకు వచ్చినవారిలో ఈ పని చేసినవారు దాదాపు లేరు. ఎక్సెల్ ఫైల్ తెరిచి ఉంటే పక్కనే టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే కనిపించని ఫైల్ ఒకటి పుడుతుంది. కొన్నిసార్లు లోపలి ఫోల్డర్లూ జాబితాలో చేరతాయి. పేర్లు చూస్తే చాలు, రెండూ దొరికిపోతాయి.

జాబితా సరిగ్గా ఉన్నా పాతదే వస్తోందా? కోడ్‌లో ఫైల్ సమయాన్ని తెచ్చే గెట్‌సీటైమ్ (getctime) అనే ఫంక్షన్ ఉందేమో వెతకండి.

మా పర్లాకిమిడిలో ఒక దుకాణం, మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో మరొకటి, యజమాని ఒకరే. అక్కడి సరుకు లెక్క రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లో ఇక్కడి విండోస్ కంప్యూటర్‌కు వచ్చేది. ఏప్రిల్ 9 రాత్రి, ఆనాటి ఫైల్ తర్వాత, ఏదో సరిచూసుకోవడానికి 3వ తేదీ ఫైల్‌ను మళ్లీ కాపీ చేశారు. మర్నాడు ప్రోగ్రామ్ ఆ పాత లెక్కతోనే సరుకుకు ఆర్డర్ తయారుచేసింది. రెండు రోజులు వెతికాక ఆ ఫైల్ ప్రాపర్టీస్ తెరిచాను. మార్చిన తేదీ ఏప్రిల్ 3, సృష్టించిన తేదీ ఏప్రిల్ 9. పుట్టకముందే మారిన ఫైల్!

కారణం ఇది: విండోస్‌లో ఫైల్‌ను మామూలుగా కాపీ చేస్తే మార్చిన తేదీ పాతదే ఉంటుంది, సృష్టించిన తేదీ కొత్తగా పడుతుంది. అక్కడ గెట్‌సీటైమ్ ఇచ్చేది ఈ రెండోదాన్నే. లినక్స్‌లో అయితే అది సృష్టించిన సమయమే కాదు. ఫైల్ అనుమతులు మార్చినా ఆ సమయం మారిపోతుంది. మీకు కావలసింది మార్చిన సమయాన్నిచ్చే గెట్‌ఎంటైమ్ (getmtime). అన్నిటికన్నా పెద్దదాన్ని ఎంచే మ్యాక్స్ ఫంక్షన్‌కు కీగా, అంటే పోల్చే కొలతగా, దాన్నే ఇవ్వండి.

ఫైళ్లను పైథానే కాపీ చేస్తుంటే మాత్రం చిక్కు తిరగబడుతుంది. కాపీ ఫంక్షన్ మార్పు సమయాన్ని నిలపదు, కాపీ2 నిలుపుతుంది. లినక్స్ సీపీ ఆదేశానికీ మైనస్ పీ జోడించాలి.

ఖాళీ ఫోల్డర్‌లో మ్యాక్స్ దోషంతో ఆగిపోతుంది, ఏమీ దొరకనప్పుడు వాడే విలువను డిఫాల్ట్‌గా ఇవ్వండి. కంప్యూటర్ గడియారం తప్పడం, ఫ్యాట్32 పద్ధతిలోని పెన్‌డ్రైవ్ సమయాన్ని 2 సెకన్ల మెట్లలో రాయడం వల్ల చిక్కు రావడం అరుదు, చివర్లో చూడవచ్చు.

ఫైల్ ఈమెయిల్‌లో వచ్చిందంటే దాని మీద సాధారణంగా దించుకున్న సమయమే ఉంటుంది. ఇలా ఫైల్ మీది సమయాన్ని ప్రతిసారీ నమ్మలేం. అందుకే ఆ దుకాణంలో ఇప్పుడు ఫైల్ పేరు ముందే సంవత్సరం, నెల, రోజు వరుసలో తేదీ రాస్తున్నారు. ప్రోగ్రామ్ పేరును బట్టే ఎంచుకుంటోంది.