తుఫాను రాకముందే ఎట్‌సీడీ క్లయింట్‌కి చేయాల్సిన మరమ్మతులు

శ్రీకాకుళం జిల్లాలో అక్టోబరు వచ్చిందంటే ఒక కన్ను దసరా మీద, ఇంకో కన్ను సముద్రం మీద ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. చాలా ఊళ్ళకి కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఇలాంటి చోట మూడు సర్వర్లతో ఎట్‌సీడీ (ఒకే డేటాని కీ, దాని విలువ అనే జతలుగా చాలా సర్వర్లలో దాచే డేటాబేస్) నడిపేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

హార్డ్‌వేర్ గురించి ఒకే మాట. మూడింట్లో ఒక నోడ్ (అంటే ఒక సర్వర్) పడిపోయినా పని సాగుతుంది, రెండు పడితే ఆగిపోతుంది. ఏ రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండకూడదు. నా భయమంతా ఇన్వర్టర్ వెలుతురులో, నిద్రమత్తులో కమాండ్ కొట్టే చేతి గురించే.

ఎట్‌సీడీకి కమాండ్లు పంపే క్లయింట్ ఎట్‌సీడీ కంట్రోల్. అందులో తుడిచే 'డెల్' కమాండ్‌కి ప్రిఫిక్స్ ఫ్లాగ్ (ఇచ్చిన అక్షరాలతో మొదలయ్యే కీలన్నీ అని చెప్పేది) పెట్టి, కీ దగ్గర ఖాళీ కోట్స్ ఇస్తే మొత్తం కీలన్నీ పోతాయి. అడగదు, ఆగదు. ఖాళీ కోట్స్ ఎవరు కొడతారు అనుకోకండి. స్క్రిప్టులో వేరియబుల్‌కి విలువ రాకపోతే అక్కడ మిగిలేది అదే. నేను ఒకసారి టెస్ట్ క్లస్టర్‌లో (పరీక్షల కోసం పెట్టుకున్న సర్వర్ల గుంపులో) ఇలాగే తుడిచిపెట్టాను. టెస్ట్ కాబట్టి బతికిపోయాను. అందుకే చిన్న షెల్ స్క్రిప్టు ఒకటి రాసుకుని, క్లయింట్‌ని దాని ద్వారానే పిలవండి. కీ ఖాళీగా ఉంటే అది అక్కడే ఆగిపోవాలి. ఏ ఎండ్‌పాయింట్‌కి (నోడ్ చిరునామాకి) వెళ్తోందో, ఎన్ని కీలు పోతాయో ముందే చూపించాలి. 'అవును' అని పూర్తిగా టైపు చేస్తేనే కదలాలి. ఒక్క 'వై' నొక్కితే చాలని పెట్టకండి, వేలికి అది అలవాటైపోతుంది.

ఇంకో చిక్కు టైమవుట్. కమాండ్‌కి మామూలుగా ఉండే గడువు 5 సెకన్లు. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేస్తున్నప్పుడు అది చాలదు, 20కి పెంచుకోండి. గడువు దాటిందని ఎర్రర్ వస్తే రాత జరగలేదని అనుకోవడం పొరపాటు. జరిగే ఉండొచ్చు, జవాబు దారిలో పోయుండొచ్చు. కాబట్టి స్క్రిప్టు తనంతట తాను మళ్ళీ రాయకూడదు, ముందు చదివి చూడాలి. కోరం (పని సాగడానికి కావాల్సిన సగానికి మించిన నోడ్‌ల సంఖ్య) పోయినప్పుడు మామూలు చదువు కూడా ఆగిపోతుంది. అప్పుడు చదివే కమాండ్‌లో కన్సిస్టెన్సీ ఫ్లాగ్‌కి 'ఎస్' ఇస్తే ఆ నోడ్ తన దగ్గర ఉన్నది చెప్తుంది. అది పాతది కావచ్చు కాబట్టి, ఆ మాట స్క్రీన్ మీద కనిపించేలా స్క్రిప్టులో రాసిపెట్టండి.

ఒక నోడ్ తిరిగి రాదని తేలితే, ముందు దాన్ని సభ్యుల జాబితా నుంచి తీసేసి తర్వాతే కొత్తది చేర్చండి. వరస తప్పితే సభ్యులు నలుగురవుతారు, కోరానికి ముగ్గురు కావాలి, బతికున్నది ఇద్దరే. కొత్తది సరిగ్గా లేవకపోతే ఆ పూట అంతే సంగతులు.

స్నాప్‌షాట్ (మొత్తం డేటాకి ఒక ఫైలుగా తీసే బ్యాకప్) ఒకే ఎండ్‌పాయింట్ నుంచి తీయాలి, మూడూ ఇస్తే ఎర్రర్ వస్తుంది. 3.6 వెర్షన్‌కి మారినవాళ్ళు పాత నోట్సు దిద్దుకోవాలి: ఆ ఫైలు నుంచి డేటాని తిరిగి తెచ్చే రిస్టోర్ కమాండ్ ఇప్పుడు ఎట్‌సీడీ యూటిల్ అనే వేరే ప్రోగ్రామ్‌లోనే ఉంది. ఆ ప్రోగ్రామ్ లేకుండా ఫైలు ఒక్కటే చేతిలో పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు. ఫైలు కాపీ ఒకటి జిల్లా దాటి ఉండాలి, అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు కనుక ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి.

దసరా సెలవులకి అందరూ ఊళ్ళకి పోకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక నోడ్ ఆపి చూడండి. మేము మొదటిసారి ఆపినప్పుడు అంతా బాగానే నడిచింది. రెండోసారి వేరే నోడ్ ఆపాక తెలిసింది, స్నాప్‌షాట్లు దాచిన డిస్కు దానికే తగిలించి ఉందని.